లీటరుకు ఒక మూత

విజయమ్మ నీళ్ళలో ఉప్పు కొలిచే మీటరు కొనను కొంగుతో తుడిచి బోరునీళ్ళ బకెట్లో రెండు వేళ్ళ లోతున ముంచింది. అంకెలు కాసేపు పైకీ కిందికీ ఆడి ఆరువందల నలభై దగ్గర నిలిచాయి. నిన్న ఆరువందల ముప్పై. ఎండలు ముదిరేకొద్దీ బోరులో నీళ్ళు లోపలికి దిగిపోతాయి, వాటిలో ఉప్పు ఎక్కుతుంది. ఆ అంకెను షెడ్డు గోడకు వేలాడుతున్న బడి నోటుబుక్కులో పెన్సిలుతో రాసింది. తర్వాత ఫిల్టరు నీళ్ళలో ముంచింది. యాభై అయిదు. బోరువి ఒక పాలు, ఫిల్టరువి రెండు పాళ్ళు పెద్ద డ్రమ్ములో పోసి కట్టెతో తిప్పి మళ్ళీ చూసింది. రెండువందల యాభై. మొక్కలకు మందు కలపడానికి ఇప్పుడు నీళ్ళు తయారయ్యాయి.

ఎండ ఇంకా మిద్దె మీదికి రాలేదు. తెల్లటి పైపుల వరుసల్లో పాలకూర, పుదీనా తడిగా నిగనిగలాడుతున్నాయి. పైపుల చివర చిన్న మోటారు తేనెటీగలా జుమ్మంటూ ఉంది. పిట్టగోడ పొడవునా కొబ్బరిపొట్టు నింపిన కుండీల్లో టమాట, మిరప. వనపర్తిలో ఈ వీధి మొత్తానికి ఇంత పచ్చదనం ఈ ఒక్క మిద్దె మీదే ఉంది.

ఆమె సూది తీసేసిన సిరంజితో ఎర్ర డబ్బాలోని ఎరువు ద్రవాన్ని లాగింది. అంచు దగ్గర బుడగ కనబడితే వేలితో కొట్టి బుడగ పోయేదాకా ఆగింది. నీళ్ళలోకి వదిలి, నూరు లెక్కపెట్టేదాకా కట్టెతో తిప్పింది. అప్పుడు సిరంజి కడిగి, నీలం డబ్బాలోది తీసింది. రెండింటినీ నీళ్ళలో కలపకుండా నేరుగా ఒకదాంట్లో ఒకటి పోస్తే పాలు విరిగినట్టు తెల్లటి పలుకులు అడుగుకు దిగుతాయి. మొదట్లో ఒకసారి ఇంటి యజమాని నిరంజన్ సారే అలా పోసి డబ్బా మొత్తం పారబోశాడు. ఆ సారు కాలేజీలో రసాయనశాస్త్రం చెబుతాడు.

విజయమ్మ చదివింది ఏడో తరగతి. నాలుగేళ్ళ కింద ఈ ఇంటికి గిన్నెలు తోమడానికి వచ్చింది. భర్త వెంకట్రాములు గద్వాలలో మగ్గం అమ్మేసి, ఇక్కడ బట్టల దుకాణంలో చీరలు మడతపెట్టే పనికి కుదిరిన ఏడాది అది. గిన్నెల తర్వాత మిద్దె ఊడ్చే పని, దాని తర్వాత కుండీలకు నీళ్ళు పోసే పని వచ్చాయి. ఒకరోజు సారు కలిపిన నీళ్ళకు పాలకూర కొసలు మాడితే, ఆమె మందు సగం చేసి, వారం తర్వాత కాస్త పెంచి, ఏ అంకె దగ్గర ఆకు బాగా విచ్చుకుంటుందో చూసి నోటుబుక్కులో రాసింది. ఆ తర్వాత సారు కలపడం మానేశాడు. ఆమె రాసిన అంకెలను ఫోనులో ఫొటో తీసుకుని వీడియోల్లో ‘నా ఫార్ములా’ అని చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె కలిపే ఆ మందు ఇప్పుడు జంట సీసాల్లో, సారు ఫొటోతో జిల్లా అంతా ఇళ్ళల్లో మొక్కలు పెంచుకునేవాళ్ళకు పోతోంది. దాని గురించి విజయమ్మ ఎప్పుడూ బాధపడలేదు. మొక్క పచ్చగా ఉంటే చాలనుకుంది. పేరు ఎవరిదైతేనేమి అనుకుంది.

సీసాల మీద ‘లీటరుకు ఒక మూత’ అని రాయించిందీ ఆమే. ఇళ్ళల్లో సిరంజీలు ఉండవు గదా. అప్పటి సీసా మూతలో సరిగ్గా అయిదు మిల్లీలీటర్లు పట్టేవి. ఆమె పది మూతలు కొలిచి చూసి చెప్పింది.

ఇరవై రోజుల కింద హైదరాబాదు నుంచి కొత్త సీసాలు వచ్చాయి. వెడల్పాటి మూతి, నల్లటి నున్నటి మూత. విజయమ్మ ఆ మూతలో నీళ్ళు నింపి సిరంజితో లాగి చూసింది. ఇంకోసారి చూసింది. కిందికి పరుగున దిగి, హాల్లో కూర్చున్న సారు ముందు నిలబడింది. పక్కనే ఆయన భార్య గీత సీసాలకు కాగితాలు అంటిస్తోంది.

“సార్, గీ మూతల పదకొండు పడ్తుంది. పాతదాంట్ల అయిదే.”

“ఏంది పదకొండు?”

“మిల్లీ సార్. లీటరుకొక మూత అని కాయితం మీద ఉన్నది గద. రెండింతల మీద పడ్తది. మొక్కలు మాడ్తయి.”

నిరంజన్ ఫోనులోంచి తలెత్తకుండానే నవ్వాడు. “మూతంటే మూతే విజయమ్మా. జనం నీలెక్క సిరంజి వట్టుకొని కూసుంటరా? జర ఎక్కువైతే ఏం గాదు, బలమే. కాయితాలన్నీ అచ్చయి వచ్చినయి. ఇప్పుడు మారుస్తమా?”

“పెన్నుతోనన్న సగం మూత అని రాస్త సార్. నేనే రాస్త.”

“పెన్నుతో రాస్తె నకిలీ మాల్ అంటరు. వో, పైకి వోయి నీ పని చూస్కో.”

గీత అప్పుడు ఒక్కసారి తలెత్తి ఆమెనూ, మూతనూ చూసింది. మళ్ళీ కాగితం అంటించింది. విజయమ్మ పైకి వచ్చి ఆ తేదీ పక్కన ‘కొత్త మూత 11, సారుకు చెప్పిన’ అని రాసుకుంది. 

వారం నుంచి ఫోన్లు వస్తున్నాయి. నాగర్‌కర్నూల్ నుంచి ఒకరు, బిజినేపల్లి నుంచి ఇద్దరు. వీడియోల కింద మాడిన ఆకుల ఫొటోలు పెడుతున్నారు. 

ఈ రోజు ఆదివారం. తొమ్మిది గంటలకు ఒక పెద్దమనిషి సిమెంటు సంచిలో ఏదో పట్టుకుని మెట్లెక్కి నేరుగా మిద్దె మీదికే వచ్చాడు. ఖాకీ చొక్కా. గోళ్ళ సందుల్లో ఎన్నేళ్ళు కడిగినా పోని నల్లటి గ్రీసు.

“సారున్నడా చెల్లె?”

“తానం జేస్తుండు. ఏమైందన్నా?”

ఆయన సంచి కిందికి జార్చాడు. కుండీలో టమాట మొక్క. ఆకుల అంచులు కాల్చిన కాగితంలా గోధుమరంగుకు తిరిగి లోపలికి ముడుచుకున్నాయి. కాడలకు పూత లేదు, పూత రాలిన మచ్చలు ఉన్నాయి.

“నా పేరు కిష్టయ్య. కొత్తకోట. రోడ్డు మీద లారీల మెకానిక్కుగ ముప్పై ఏండ్లు జేసిన.” ఆయన ఊపిరి పీల్చుకోవడానికి ఆగాడు. “మా ఇంటామెకు రెండేండ్ల సంది ఒక పక్క చెయ్యి, కాలు వడిపోయినయి. పొద్దుగాల కుర్చీల కూసోవెట్టి దీన్ని ముందట పెడ్త. ఇగ పొద్దంత దీన్నే సూస్తది. పూత లెక్కవెడ్తది. మొన్న పదిహేడన్నది. నిన్న సూస్తె అన్నీ రాలినయి. అన్నం ముట్టలేదు చెల్లె.”

విజయమ్మ కుండీ ముందు గొంతుక్కూర్చుంది. కుండీ అంచున తెల్లటి ఉప్పు పేరుకుని ఉంది. గోటితో గీరితే పొడిగా రాలింది.

“మందు ఎంత వోసినవన్నా?”

“సీసా మీద రాసినంతనే. లీటరుకొక మూత. ఇంజన్లకు ఆయిలు వోసిన చేతులు చెల్లె ఇవి. కొలత తప్పుతనా?”

ఆమె కుండీని ఎత్తి రెండు ఇటుకల మీద పెట్టి, కింద పళ్ళెం ఉంచి, ఫిల్టరు నీళ్ళు నెమ్మదిగా పోసింది. అడుగున కారిన నీళ్ళలో మీటరు ముంచి ఆయనకు చూపించింది. మూడువేల వంద. ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ పోసింది. పందొమ్మిది వందలు. మళ్ళీ పోసింది. మూడోసారి తొమ్మిది వందలు. కిష్టయ్య పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో అంకెనూ పైకి చదివాడు, ఇంజను బాగుపడుతున్నప్పుడు చెవి పెట్టి వినే మనిషిలా.

“బతుకుతది అన్నా. మూడొద్దులు ఉత్త నీళ్ళే పోయ్. కింది ఆకులు పోతయి, పోనీ. కొస సూడు, పచ్చగనే ఉన్నది. మల్ల పూత వస్తది. అక్కకు జెప్పు.”

కిష్టయ్య ముఖం తేటపడింది. “నీకు మస్తు తెలుసు చెల్లె. సారు అదృష్టవంతుడు.”

“అన్నా, గా మూత ఉన్నది సూడు...”

ఆమె మాట పూర్తికాక ముందే నిరంజన్ తల తుడుచుకుంటూ మెట్లెక్కి వచ్చాడు. కుండీని చూశాడు, ఆకులు చూశాడు, వచ్చిన మనిషిని చూశాడు. తువ్వాలును భుజం మీద వేసుకుని కిష్టయ్య చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

“పెద్దాయనా, ఫార్ములల తప్పు లేదు. మా పనామె కలిపేటప్పుడు పొరపాటు జేసింది. గా ఒక్క బ్యాచే గట్లైంది. మీకు నేను కొత్త సీసాలిస్త.”

అంత సులువుగా అన్నాడు. ఆమె అక్కడే, చేతిలో మీటరుతో, ఆయనకు మూడడుగుల దూరంలో ఉంది. ఆమె వైపు ఒకసారైనా చూడలేదు.

కిష్టయ్య ఆమె వైపు తిరిగాడు. ఇంతసేపూ చెల్లె, చెల్లె అన్న మనిషి ఇప్పుడు వేరే పిలుపు తీశాడు.

“ఏమమ్మా, గింత తెలిసినదానివి. కలిపేటప్పుడు జర చూసుకోవాలె గద? ఇండ్లల్ల మనుషులుంటరు.”

మీటరు కొన నుంచి నీటిబొట్టు ఆమె పాదం మీద పడింది. విజయమ్మ ఆగింది మాట రాక కాదు. సారే ఇప్పుడు సర్దుకుంటాడని ఆగింది. ముఖం ముందే ఇంత అబద్ధం ఆడిన మనిషి దాన్ని అలాగే వదిలేస్తాడని ఆమెకు తోచలేదు. ఆమె పెరిగిన చోట అలా ఎవరూ వదిలేయలేదు. ఆమె ఆగినంతలోనే కిష్టయ్య కుండీని బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మెట్లు దిగిపోయాడు.

“సార్, నేను తప్పు కలిపిన్నా?”

“ఇప్పుడది ముచ్చట గాదు విజయమ్మా.” నిరంజన్ పుదీనా ఆకొకటి తుంచి నోట్లో వేసుకున్నాడు. “సాయంత్రం వీడియో ఉన్నది. మిద్దె జర నీటుగ ఊడ్వు. గా నోటుబుక్కు గోడకెళ్ళి తీసి లోపల పెట్టు. కనవడొద్దు.”

ఆమె చీపురు తీసుకుంది. ఊడుస్తుంటే చీపురు పుల్లలు సిమెంటు మీద విరుగుతున్నాయి.

ఆమె తండ్రి మల్లయ్య గద్వాలలో పట్టుకూ నూలుకూ రంగు వేసేవాడు. పొయ్యి మీద రాగి గంగాళం, ఆవిరి, తడిసిన కట్టలు ఆరేసే వెదురు దండేలు. ఆయన రంగుపొడిని ఒకే ఒక ఇత్తడి గరిటెతో కొలిచేవాడు. “గరిటె మారితే రంగు మారినట్టే బిడ్డా. చెయ్యికి కొలత తెల్వదు, గరిటెకే తెలుస్తది” అనేవాడు. ఒకసారి ఆయన జ్వరంతో పడుకుంటే ఆయన కింద పనిచేసే మేనమామ గరిటె దొరక్క చిప్పతో కొలిచాడు. నీడలో చూస్తే ఎరుపు ఎరుపే. చీర నేసి వెలుగులో పరిస్తే ఒక అంచు ఒక ఎరుపు, రెండో అంచు ఇంకో ఎరుపు. షావుకారు చీరను అరుగు మీదికి విసిరాడు. పదిమంది చూస్తున్నారు. మల్లయ్య జ్వరంతోనే వెళ్ళి నిలబడి, “రంగు నాది. తప్పు నాదే” అన్నాడు. మేనమామ పేరు ఎత్తలేదు. ఇంటికి వచ్చాక కూడా ఎత్తలేదు. ఆ రాత్రి మేనమామ అన్నం తినలేక కంచం ముందు నుంచి లేచిపోయాడు.

పైవాడు కిందివాడి తప్పును మోయడం ఆమె చూసింది. పైవాడు తన తప్పును కిందివాళ్ళ నెత్తిన పెట్టి పుదీనా నమలడం ఇప్పుడే చూస్తోంది.

మధ్యాహ్నం గీత కంచంలో అన్నం, పప్పు పెట్టుకుని తనే పైకి తెచ్చింది. మామూలుగా విజయమ్మే దిగి వంటింటి గడప దగ్గర తింటుంది. గీత షెడ్డు నీడలో ఇటుకల మీద కూర్చుంది.

“తిను విజయమ్మా. సల్లారుతది.”

“ఏంది మేడం, పైకి తెచ్చిన్రు?”

“ఏం లేదు.” గీత గాజులు పైకీ కిందికీ జరిపింది. “సాయంత్రం వీడియోల నువ్వు గూడ కూసోవాలె. రెండు మాటలు జెప్తె సాలు. ‘నేను కలిపేటప్పుడు పొరపాటైంది, మన్నించున్రి’ అని. గంతే.”

విజయమ్మ ముద్ద కలపడం ఆపింది. “నేను చెయ్యనిదానికా?”

“నాకు తెల్వదా నువ్వు చెయ్యలేదని? గా రోజు నేను ఆడనే ఉన్న గద.”

“తెలిసి గూడ అడుగుతున్నరా మేడం?”

“సారు పేరు మీద నడుస్తున్న పని ఇది. సారుకే మూత కొలత తెల్వదని జనం నవ్వితె కాలేజీల తలెత్తుకుంటడా? నువ్వంటే...” గీత మాట కోసం వెతికి, దొరికిన మాటనే అనేసింది. “నిన్నెవ్వలు గుర్తువడ్తరు విజయమ్మా? నీకేం పేరున్నదని పోతది?”

విజయమ్మ కంచాన్ని పక్కకు జరిపింది. పొద్దున ఒక మనిషి ఆమెను చెల్లె అన్నాడు. మస్తు తెలుసు అన్నాడు. అది పేరు కాదా? సారు దాన్ని అర్ధగంట కూడా ఉండనివ్వలేదు. కొత్తకోటలో ఒక కుర్చీలో కూర్చున్న మనిషి ఈ పాటికి వినే ఉంటుంది, వనపర్తిలో ఎవరో చేతకాని ఆడది తన పదిహేడు పూలను కాల్చేసిందని. ఆ పదిహేడు ఇప్పుడు విజయమ్మ నెత్తిన పడింది. దాన్ని ఏ నీళ్ళతో కడగాలి?

“తినకపోతివి?” అంది గీత.

“ఆకలి లేదు మేడం.”

“అలుగుడు గాదు విజయమ్మా, ఆలోచించు. సారుకు కోపమొస్తె నీ పని పోతది.”

అది విజయమ్మకు తెలుసు. ఈ ఇల్లు కాకపోతే ఇంకో ఇల్లు దొరుకుతుంది, వనపర్తిలో గిన్నెలకు కొదవ లేదు. కొలిచే పని మాత్రం ఇంకెక్కడా దొరకదు. ఏడో తరగతి ఆడమనిషి చేతికి మీటరు ఎవరిస్తారు? పొద్దున్నే ఆ అంకె ఆడి ఆడి ఒక చోట నిలిచే క్షణం కోసమే ఆమె నాలుగేళ్ళు ఈ మెట్లెక్కింది. గంగాళం కింద పొయ్యి ఆరిపోయాక మళ్ళీ ఆమె చేతికి వచ్చిన కొలత అది ఒక్కటే. రెండు మాటలు అంటే అది ఉంటుంది. అనకపోతే పోతుంది.

గీత కంచం అక్కడే వదిలి దిగిపోయింది. విజయమ్మ మధ్యాహ్నం పని మొదలుపెట్టింది. పాలకూర పైపుల తొట్టిలో నీళ్ళు ఎండకు తగ్గి, మీటరు పన్నెండు వందలు చూపించింది. ఫిల్టరు నీళ్ళు కలిపి వెయ్యికి దించింది. టమాటలకు వేరేగా కలిపింది. చీడ కోసం ఒక్కో ఆకును తిప్పి చూసింది. చేతులు వాటి పని అవి చేశాయి, ఒక్క చుక్క ఎక్కువ పడలేదు. ఇంత కోపంలోనూ ఒక్క చుక్క ఎక్కువ పడలేదని ఆమెకు తెలిసింది. తెలిసి కోపం ఇంకా పెరిగింది. ఈ చేతులనా తప్పు కలిపాయన్నది?

అయిదింటికి ఎండ పసుపు రంగుకు తిరిగింది. నిరంజన్ ఇస్త్రీ లాల్చీ వేసుకుని వచ్చాడు. గీత మూడు కాళ్ళ స్టాండు మీద ఫోను బిగించింది. టమాట కుండీల ముందు రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. విజయమ్మను ఒకదాంట్లో కూర్చోమన్నారు. ఈ ఇంట్లో ఆమె కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. గీత వంగి ఆమె పైట అంచుకు చిన్న నల్లటి మైకు తగిలించింది.

“మెల్లగన్నా వినవడ్తది దీంట్ల. భయపడకు.”

నిరంజన్ గొంతు సవరించుకున్నాడు. ఫోను ముందు ఆయన భాష మారిపోతుంది.

“నమస్కారం మిత్రులారా. గత కొన్ని రోజులుగా కొందరి మొక్కలకు ఇబ్బంది కలిగిందని తెలిసి చాలా బాధపడ్డాను. నా ఫార్ములాలో ఏ లోపమూ లేదు. అయితే మా దగ్గర పనిచేసే విజయమ్మ గారు...”

గారు. నాలుగేళ్ళలో మొదటిసారి ఆ మాట వచ్చింది. తప్పును మోయించడానికి వచ్చింది.

“...నిజాయితీగా తమ పొరపాటును మీ ముందు ఒప్పుకోవడానికి వచ్చారు. చెప్పండి విజయమ్మ గారూ, ఏం జరిగింది?”

ఫోను అద్దంలో విజయమ్మకు తన ముఖం కనబడింది. చిన్నగా ఉంది. నుదుటి మీద చెమట, చెవి పక్కన నెరిసిన వెంట్రుకలు. పక్కన లాల్చీ. గీత ఫోను వెనక నుంచి పెదవులు కదిలిస్తోంది: అను, అను.

విజయమ్మ అనలేదు.

“ఏంది విజయమ్మా?” నిరంజన్ భాష మళ్ళీ ఇంటికి వచ్చింది. “రెండే మాటలు గద. గీతా, మల్ల షురూ జెయ్.”

మళ్ళీ నమస్కారం. మళ్ళీ బాధపడ్డాను. మళ్ళీ విజయమ్మ గారు. ఈసారి ఆయన ఆమె వైపు తిరిగి, ఫోనుకు కనబడేంత దయగా నవ్వాడు.

“చెప్పండి, సంకోచించకండి.”

ఆమె ఆయన కళ్ళలోకి చూసింది. పొద్దుటి నుంచి ఆయన తప్పించుకున్న చూపు అది. ఇప్పుడు ఫోను ముందు తప్పించుకోవడానికి వీల్లేకపోయింది. నవ్వు మూతి మీద అలాగే ఉండిపోయింది. ఆయన కళ్ళే ముందు పక్కకు తిరిగాయి.

“నోట్ల నాలిక లేదా నీకు?” అన్నాడు. “ఆపు గీతా. ఆపు.”

విజయమ్మ పైట అంచును పట్టుకుని ఆ మైకు ఎలా తగిలించారో చూసింది. చిన్న స్ప్రింగు. బొటనవేలితో నొక్కితే వదులైంది. బట్ట చిరగకుండా నెమ్మదిగా తీసింది. లేచి దాన్ని తను కూర్చున్న కుర్చీలో పెట్టింది.

“విజయమ్మా, ఏడికి? జరాగు, మాట్లాడుదం,” అంది గీత.

“పోనీ. రేపు తనే వస్తది,” అన్నాడు నిరంజన్.

ఆమె కుండీల మధ్య నుంచి, పైపుల పక్క నుంచి నడిచింది. ఒక్కో మెట్టూ దిగింది. హాల్లో సీసాలు వరుసగా ఉన్నాయి, ప్రతి సీసా మీదా సారు నవ్వు. వాటిని దాటింది. వాకిట్లో చెప్పులు వేసుకుంది. గేటు గొళ్ళెం తీసి, బయటికి వెళ్ళి, చప్పుడు కాకుండా మళ్ళీ వేసింది. 

మిద్దె మీద ఖాళీ కుర్చీలో గోరంత నల్లటి మైకు, దాని చిన్న పచ్చదీపం ఆరకుండా మినుకుమంటూ ఉంది.